మాలకొండమ్మ బొంత

పడమటి డొంకలో, రోశయ్య చేని గట్టున, చింతచెట్టు కింద ఉందే మొండిబావి, దాని సంగతి చెప్పమని ఇందాకట్నించీ నా ప్రాణం తీస్తన్నారుగా. చెప్తాను. ముందు ఆ చేతులు ఆడించండి. నోరు తెరుచుకుని నావైపు చూస్తా కూకుంటే విత్తనం శనక్కాయలు ఎవరు వలుస్తారు? ఇంకో మాట, వలిచిన గింజ చేటలో పడాలి, మీ నోట్లో కాదు. నాకు కళ్ళు ఆనవనుకోమాకండి, నమిలే చప్పుడు బాగానే వినపడుద్ది.

ఆ బావి కాడికి ఎవరూ పోరు. పోకూడదని అందరూ చెప్తారు, ఎందుకు పోకూడదంటే మాత్రం ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పరు. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి గట్టు మీద కూకుని ఉంటదంటారు. గొడ్లు కూడా ఆ నీడకి పోవంటారు, అది మాత్రం పచ్చి అబద్ధం, మా గేదె తాడు తెంపుకుంటే నేరుగా అక్కడికే పోయి పడుకునేది. ఆ చెట్టు చింతచిగురంత లేత చిగురు మన చుట్టుపక్కల ఎక్కడా లేదు, కోసేవాళ్ళు లేరు గదా మరి. ఆ చిగురు దగ్గరే వచ్చింది ఈ కథంతా. కానీ దానికి ముందు నేను మిమ్మల్ని ఎనక్కి తీసకపోవాలి, నేను గౌను వేసుకునే నాళ్ళకి.

ఆ చేను రోశయ్యది. రోశయ్య పెళ్ళాం పేరు మాలకొండమ్మ. సన్నగా, మాట తక్కువగా ఉండేదంట, కానీ చేతిలో సూది ఉంటే మాత్రం చూసేవాళ్ళు కదిలేవాళ్ళు కాదంట. బొంతలు కుట్టేది, పసిపిల్లలకి కుల్లాయిలు కుట్టేది, ఏది కుట్టినా ఒక మూలన ఎర్రదారంతో చిన్న జొన్నకంకి వేసేది. అది ఆమె గుర్తు. మగపిల్లాడు పుట్టాడు, బ్రహ్మయ్య అని పేరు పెట్టారు. బిడ్డ పుట్టినాక ఆమెకి ఏమైందో ఏమో, గోడకేసి చూస్తా కూకునేది, తిండి తినేది కాదు, పిలిస్తే పలికేది కాదు. ఇప్పుడైతే ఆస్పత్రికి తీసకపోయి ఏదో మందు ఇప్పిచ్చేవాళ్ళు. అప్పుడు ఏం చేశారు? దెయ్యం పట్టిందన్నారు. రోశయ్య పోయి మంత్రగాణ్ణి పిలుచుకొచ్చాడు. వాడు వేపమండలతో కొట్టాడు, మిరపకాయల పొగ పెట్టాడు, చీర మీద నుంచే వాతలు పెట్టాడు, అయినా పోలేదు, ఇది గట్టి దెయ్యం, వచ్చే అమావాస్యకి మళ్ళీ వస్తానని చెప్పి కోడిని సంకలో పెట్టుకుని పోయాడు. వాళ్ళకి ఎప్పుడూ గట్టి దెయ్యమే దొరుకుద్ది, మీరు గమనించారో లేదో.

ఆ అమావాస్య రాకముందే ఒకరోజు పొద్దున్నే మాలకొండమ్మ చీరా, గాజులూ, కాలి మెట్టెలూ ఆ బావి గట్టు మీద కనపడ్డాయి. మొదట చూసింది అత్తగారు ఆదెమ్మ. గుండెలు బాదుకుంటా ఊరంతా లేపింది. మగాళ్ళు పాతాళగరిగె వేసి బావి అడుగంతా గీకారు, ఒక చెంబూ రెండు బొక్కెనలూ తగిలాయి గానీ మనిషి తగల్లేదు. అప్పుడు ఆదెమ్మే చెప్పిందంట, ఈ బావి అడుగున ఏటిలోకి దారి ఉందని మా మామ చెప్పేవాడు, నా కోడలు ఆ దారిన కొట్టుకుపోయి ఉంటది అని. అందరూ అవునన్నారు. ఆ దారి ముందెప్పుడైనా ఎవరైనా చూశారా అని అడిగినవాడు లేడు.

ఆనాటి నుంచీ ఆదెమ్మ పొద్దుగూకే ముందు ఆ గట్టు మీదకి పోయి కూకునేది. మాలకొండా, పోయావా అమ్మా, అని పిలిచేది. కోడలి మీద అంత ప్రేమ ఉన్న అత్త లోకంలో ఉంటదా అని ఊరు ఊరంతా కళ్ళు తుడుచుకుంది. ఆదెమ్మే చెప్పింది, నా కోడలు జుట్టు విరబోసుకుని కనపడింది, మీరెవరూ ఇటు రాబాకండి, పసిపిల్లల తల్లులు అసలే రాబాకండి అని. ఇంకెవరు పోతారు? రోశయ్య ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు, పాము కరిచి పోయాడు. పిల్లాణ్ణి ఆదెమ్మే పెంచింది.

బ్రహ్మయ్య నాకంటే కొంచెం చిన్నవాడు, మా పక్కిల్లే. వాడికి తల్లి గుర్తంటే ఒకటే, ఆమె కుట్టిన కుల్లాయి, మూలన జొన్నకంకి ఉన్నది. పెద్దయినాక కూడా దాన్ని దేవుడి పటం ఎనకాల దాచుకునేవాడు. రాత్రిపూట ఆదెమ్మ వాడికి ఒక బొంత కప్పేది. ఆ బొంత ఉందే, అది ఏటికేడు బరువెక్కేది. ఒక్కోసారి కొన్నాళ్ళు కనపడేది కాదు, ఏదమ్మా అంటే ఉతకడానికి వేశాననేది. మళ్ళీ వచ్చేసరికి ఇంకొంచెం మందంగా ఉండేది. పైన మాత్రం రెండు పక్కలా ఆదెమ్మ పాత ముతక చీరే. ఇంకో వింత, వాడి పాత చొక్కాలు నిలిచేవి కాదు. పొట్టయిన చొక్కా రేపటికల్లా మాయం. వాడికి తిరనాళ్ళలో కొన్న ఏనుగుల బొమ్మల చొక్కా ఒకటి ఉండేది, అది పొట్టయినా విప్పేవాడు కాదు, బొడ్డు కనపడతా తిరిగేవాడు. అది పోయినరోజు వాడు ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తు. కోతి ఎత్తుకుపోయిందిరా అని చెప్పింది ఆదెమ్మ. మేమంతా కలిసి ఆ కోతి కోసం చెట్లన్నీ వెతికాం.

సరే, వాడు పెద్దయ్యాడు, పెళ్ళయింది, ఆ తర్వాత ఆదెమ్మ పోయింది. బొంతని అటక మీదకి ఎక్కించారు. ఇద్దరు ఆడాళ్ళు పడితే గానీ ఎక్కలేదు అది. వాడికి ఒక్కతే కూతురు, సులోచన. నా చేతుల మీద పెరిగింది. పదో తరగతి అయ్యి ఇంట్లో ఉండేది ఆ ఏడు. ఎవరేం చెప్పినా ఎందుకు అని అడిగే పిల్ల. ఆ బావి కాడికి పోకూడదే అంటే, ఎందుకు పోకూడదు పెద్దమ్మా, అంది నాతో. పెద్దాళ్ళు చెప్పారు కాబట్టి అన్నాను. ఎండాకాలం మొదట్లో ఒక మిట్టమధ్యాహ్నం ఆ పిల్ల పోయి ఒళ్ళో నింపుకుని చింతచిగురు కోసుకొచ్చింది.

వచ్చేసరికి ఒళ్ళు కాలిపోతంది. రెండు రోజులు జొరం. ఆ జొరంలో పలవరించింది, మాలకొండా, పోయావా అమ్మా, అని. వాళ్ళమ్మ భయపడిపోయి అడిగితే కళ్ళు తెరిచి చెప్పింది, చెట్టుకింద ఎవరో ముసలామె గొంతు నాకు వినపడింది, ఈ మాటే అంది, మనిషి కనపడలేదు అని. ఇంకేముంది? మాలకొండమ్మ మనవరాలిని పట్టుకుందని ఊరంతా పాకింది.

బ్రహ్మయ్య చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్తన్నా. కూతురంటే ప్రాణం పెట్టేవాడు. కానీ వాడి మనసులో ఒక ముల్లు ఉండేది. ఉయ్యాల్లో బిడ్డని వదిలేసి బావిలో దూకిన తల్లి, నేనంటే ఆమెకి ఇష్టం లేకే దూకింది, ఇప్పుడు నా బిడ్డని కూడా తీసకపోవడానికి వచ్చింది, అనుకున్నాడు. భయం పట్టినవాడికి ఎవరి మాటా ఎక్కదు. జొరం తగ్గినా పిల్లని గదిలో పెట్టి గొళ్ళెం వేశాడు. మంత్రగాడికి కబురు పంపాడు. ఆ పాత మంత్రగాడు లేడు, వాడి కొడుకు. విద్య అదే, ఇనప కడ్డీలు కూడా అవే అయ్యుంటాయి. ఆదివారం సాయంత్రం వస్తానన్నాడు, వాత పెట్టకుండా ఇది దిగదు అని ముందే చెప్పాడు. సులోచన లోపల నుంచి తలుపు కొడతా నాన్నా నాకేం పట్టలేదు అంటే, పట్టినోళ్ళంతా అట్టాగే అంటారని జవాబు. ఇంక ఆ పిల్ల ఏం మాట్లాడాలి చెప్పండి? కేకలేస్తే దెయ్యం కేకలేసినట్టు, ఊరుకుంటే దెయ్యం మొండికేసినట్టు.

ఆ గదిలోనే అటక. చేతులు ఊరుకోక, కొంచెం భయానికి కూడా, ఆ పిల్ల పెట్టె మీదకెక్కి ఆ బొంతని కిందకి లాగింది. ఒక పక్క కుట్టు ఊడి ఉంది. జడలో పిన్నీసు తీసి ఆ కుట్టు పట్టుకుని విప్పడం మొదలుపెట్టింది. తర్వాత నాకు తనే చెప్పింది, విప్పి మళ్ళీ కుడదామనే అనుకున్నా పెద్దమ్మా, లోపల ఏముంటదనుకున్నాను, గుడ్డపీలికలేగా అని.

పై ముతక చీర ఊడింది. దానికింద పసుపు గుడ్డ. పెళ్ళికొడుకు భుజాన వేసే పసుపు కండువా, బ్రహ్మయ్యదే, సులోచన వాళ్ళమ్మా నాన్నల పెళ్ళి ఫోటోలో ఉంది. మూలన చూస్తే ఎర్రదారంతో జొన్నకంకి. సులోచన దాన్ని వెలుగులోకి తిప్పి చూసింది. ఆ జొన్నకంకి తను రోజూ దేవుడి పటం ఎనకాల చూసేదే గదా. ఉయ్యాల్లో బిడ్డని వదిలి చచ్చిపోయిన మనిషి, ఆ బిడ్డ పెళ్ళి కండువా మీద కంకి ఎట్టా కుడుద్ది?

ఇంకో పొర విప్పింది. అక్కడ హైస్కూలు నాటి ఖాకీ నిక్కర్లు, కోసి అతికినవి, మళ్ళీ మూలన కంకి. ఇంకో పొర. చొక్కా ముక్కలు, చిన్నవి, ఇంకా చిన్నవి. లోపలికి పోయేకొద్దీ వాళ్ళ నాన్న పొట్టయిపోతన్నాడు. దారం చూస్తే మామూలు దారం కాదు, చేపల వలలు అల్లే దారం, మన మెట్టూళ్ళో ఆ దారం ఎవరి దగ్గర ఉంటది? పొరల మధ్య నుంచి ఇసక రాలింది, మన ఏటి ఇసక కాదు, సన్నంగా, గవ్వ పెంకులతో ఉన్నది. కుట్టు కూడా మారతా ఉంది. లోపల పొరల్లో చీమలబారులాగా ఉన్న కుట్టు, పైకి వచ్చేకొద్దీ పెద్దదవుతా, వంకరపోతా ఉంది. కుట్టే ఆమెకి కళ్ళు మసకలేస్తన్నాయి, ఏం చేసుద్ది మరి.

అన్నిటికంటే అడుగున ఒక చీర ముక్కలు. నీలం నేత చీర. ముక్క ముక్కకీ కాలిన చిల్లులు. ఆ చిల్లుల్ని పారేయకుండా, ఒక్కోదాని చుట్టూ గుండ్రంగా కుట్టి, కిందనుంచి మెత్తటి గుడ్డ అతికి, నిదానంగా మూసుకుంటా వచ్చింది ఆ మహాతల్లి. అది చూసినప్పుడు సులోచనకి అర్థమయిందంట తనకి ఆదివారం ఏం జరగబోతందో. ఎక్కెక్కి ఏడ్చానని చెప్పింది. ఎందుకే అంటే, నాకోసం కాదు పెద్దమ్మా, ఆమెకోసం, అంది.

ఆదెమ్మకి కుట్టు రాదు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు, గోతం చిరిగితే ముడేసే రకం. మరి ఆమె ఏం చేసిందో మీకు తెలిసిపోయి ఉంటది. ఇదిగో నువ్వు, తల ఊపుతున్నావుగా, నువ్వు చెప్పు. అవును, ఆ మంత్రగాడు మళ్ళీ రాకముందే కోడలిని తనే పంపేసింది. చీరా మెట్టెలూ గట్టు మీద పెట్టింది తనే. గాజులమ్మే ఆమె ఒకతె సముద్రం వైపు నుంచి ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేది, ఆమె వెంట పంపింది. ఆ తర్వాత ఆ గాజులామె గంపలోనే పిల్లాడి చొక్కాలూ పాత బొంతా పోయేవి, ఇంకో పొరతో, పైన మళ్ళీ ఆదెమ్మ ముతక చీరే కప్పి కుట్టి, బొంత తిరిగొచ్చేది. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు. నీ కొడుకు ఇంత అయ్యాడు అని ఈమె చొక్కా పంపేది, నేను బతికే ఉన్నాను అని ఆమె కుట్టి పంపేది. ఎవరూ వెతక్కుండా ఉండటానికి ఆదెమ్మ తన కోడల్నే దెయ్యాన్ని చేసింది. ఆ దెయ్యాన్ని ఊరు ఎంత బాగా నమ్మిందంటే, చివరికి సొంత మనవడు కూడా నమ్మాడు. కాస్త చెప్పి చావకూడదా ముసల్దానా అని నాకిప్పటికీ కోపం.

ఆదివారం వచ్చింది. వాకిట్లో మంత్రగాడు ముగ్గులేసి, నిప్పులు రాజేసి, కడ్డీ పెట్టాడు. ఊరంతా చేరింది, నేనూ ఉన్నాను. గొళ్ళెం తీశారు. సులోచన జుట్టు దువ్వుకుని, శుభ్రంగా మొహం కడుక్కుని బయటికి వచ్చింది. మంత్రగాడి వైపు చూడనే లేదు. నేరుగా తండ్రి దగ్గరికి పోయి ఒక గుడ్డ ముక్క చేతిలో పెట్టింది. ఏనుగుల గుడ్డ. నాన్నా, ఇది నీదేనా, అని అడిగింది.

బ్రహ్మయ్యకి అప్పటికి తల నెరిసింది. వాడు ఆ గుడ్డని అటూ ఇటూ తిప్పి, మూలన కంకిని బొటనవేలితో తడిమి, చిన్నపిల్లాడి గొంతుతో అన్నాడు, "ఇది కోతి ఎత్తుకుపోయిందమ్మా."

ఎవరూ నవ్వలేదు. సులోచన వాణ్ణి లోపలికి తీసకపోయి పొరలన్నీ వరసగా పరిచి చూపిచ్చింది. చాలాసేపు బయటికి రాలేదు. బయట మంత్రగాడు మొదలుపెట్టాడు, ఇదంతా దెయ్యం మాయ, చచ్చినదే వచ్చి కుట్టింది, వెంటనే కాల్చాలి అని. బ్రహ్మయ్య వచ్చి బిందె నీళ్ళు తెచ్చి ఆ నిప్పుల మీద కుమ్మరించాడు. ఇంక పోయిరండి, అన్నాడు. అంత మర్యాద ఎందుకు చూపిచ్చాడో నాకర్థం కాదు, నేనైతే ఆ కడ్డీని వాడికే చూపిచ్చేదాన్ని.

మర్నాడే తండ్రీ కూతురూ ఆ బొంతని రెండు మూటలుగా కట్టుకుని బస్సెక్కారు. సముద్రం ఒడ్డున పల్లె పల్లెకీ పోయారు, వలలు బాగుచేసే ఆడాళ్ళకి ఆ కుట్టు చూపిచ్చుకుంటా. ఇది మాది కాదు, ఇది మాది కాదు అన్నారంట అంతా. తిరగ్గా తిరగ్గా ఒక పల్లెలో ఒకామె వల పక్కన పడేసి లేచింది, ఇది మా మాలకొండక్క చేతి కుట్టు, మీరెవరు అని. నేను ఆమె కొడుకుని, బ్రహ్మయ్యని అన్నాడు వీడు. అంతే, ఆమె నాలుగడుగులు ఎనక్కి వేసింది. పిల్లలు పరుగో పరుగు. ఒక ముసలామె చీపురు తెచ్చి గుమ్మానికి అడ్డం పెట్టింది.

ఎందుకో తెలుసా? ఆ ఊళ్ళో అందరికీ తెలుసు, మాలకొండమ్మ కొడుకు చచ్చిపోయాడని. పెళ్ళి కండువా కుట్టి పంపిన తర్వాత గాజులామె మళ్ళీ రాలేదు. ఏ దారిలో పోయిందో ఏమయిందో. ఇక్కడ ఆదెమ్మకి పంపే దారి లేదు, అక్కడ ఈమెకి తెలిసే దారి లేదు. పెళ్ళయిన కొడుక్కి బిడ్డ పుడితే పొత్తిగుడ్డ వస్తదని ఎదురుచూసిందంట. ఏళ్ళు గడిచినా రాలేదు. గుడ్డ ఆగిపోయిందంటే బిడ్డ లేడనే అనుకుంది. ఏటేటా ఆకులో అన్నం పెట్టి కాకులకి వేస్తా ఉంది. ఇక్కడ ఆమె దెయ్యం, అక్కడ వీడు దెయ్యం. బతికున్న తల్లీ బిడ్డా ఒకరికొకరు చచ్చిపోయి కూకున్నారు. కాసిని నీళ్ళు ఇటివ్వండి.

గుడిసె ముందు తాటాకు చాప మీద కూకుని ఉంది ఆమె. కళ్ళల్లో పువ్వేసింది, వెలుగూ చీకటీ తప్ప తెలియదు. నీ కొడుకునంటా ఒకడు వచ్చాడక్కా అని ఆ పల్లెవాళ్ళు దూరం నుంచే చెప్పారు. ఆమె భయపడలేదంట. చాలా నెమ్మదిగా అడిగిందంట, "ఏటేటా నీకు పెడతానే ఉన్నా గదా నాయనా. ఏం తక్కువ చేశానని వచ్చావు?"

బ్రహ్మయ్య ఏం చెప్తాడు? ఏం చెప్పినా దెయ్యం చెప్పినట్టే ఉంటదిగా. వారం కిందట తన కూతురు తలుపు ఎనక నుంచి ఎంత మొత్తుకున్నా తను విన్నాడా? అప్పుడు వాడు ఒంటి మీద చొక్కా విప్పి ఆమె చేతుల్లో పెట్టాడు. ఎండలో ఊరూరూ తిరిగి వచ్చాడు, పిండితే నీళ్ళు కారేట్టు ఉంది. ఆమె ఆ చొక్కాని కాలరు తడిమింది, గుండీలు తడిమింది, చంకల కింద గుడ్డని గుప్పిట పట్టుకుంది, ముక్కుకి ఆనిచ్చుకుంది.

"చచ్చినోళ్ళకి చెమట పట్టదు," అంది. అని, ఆ తడి చొక్కాని మొహానికి అదుముకుని, ముందు మెల్లిగా, ఆ తర్వాత పల్లె పల్లెంతా వినపడేట్టు ఏడ్చింది.

మన ఊరు రమ్మంటే మాత్రం రాలేదు. మీ ఊళ్ళో నేను చచ్చాను, అక్కడ నాకు బాగా జరిగింది అదొక్కటే, దాన్ని చెడగొట్టబాక, అందంట. సులోచన ఆమె దగ్గరే ఆగింది, కొన్నాళ్ళని. ఆ కొన్నాళ్ళు ఇంకా అవలేదు. అక్కడే బళ్ళో టీచరయింది, అక్కడే పెళ్ళి చేసుకుంది, ముసలామెని చివరిదాకా చూసుకుంది. బ్రహ్మయ్య నెలకోసారి పోయొచ్చేవాడు, పోయినప్పుడల్లా పాత చొక్కా ఒకటి సంచిలో పెట్టుకుని.

మరి ఆ గొంతు ఎవరిదంటారా? ఎవరన్నా తన పేరు తానే పెట్టి పిలుచుకుంటారా, ఆలోచించండి. మాలకొండమ్మ అక్కడ ఎప్పుడూ లేదు. ఉన్నది ఆదెమ్మ. పోయావా అమ్మా అంటే చచ్చావా అని కాదు, ఊరు దాటావా, క్షేమంగా పోయావా అని. బొంత రాకముందు అదే బెంగ, గాజులామె ఆగిపోయినాక మళ్ళీ అదే బెంగ, చచ్చినా అదే బెంగ. బ్రహ్మయ్య పోయి గట్టు మీద నిలబడి, నాయనమ్మా, అమ్మ క్షేమంగానే పోయింది, అని గట్టిగా చెప్పొచ్చాడు. విన్నదో లేదో, చెవుడు కూడా ఉండేది ఆమెకి. ఇప్పటికీ మిట్టమధ్యాహ్నం ఎవరైనా ఆడపిల్ల పోతే పిలుస్తదనే అంటారు.

అందుకని ఆడపిల్లలూ, వింటన్నారా, ఆ బావి కాడికి పోమాకండి. ఆ ముసల్ది ఎవరినీ ఏమీ చెయ్యదు, కొట్టదు, పట్టదు. కాకపోతే ఆ పిలుపు విన్న ఆడది ఆ తర్వాత ఈ ఊళ్ళో ఉండలేదు. ఈ ఊళ్ళో మీకు సుఖంగా ఉంటే అటు పోబాకండి. లేకపోతే మీ ఇష్టం, నేను చెప్పానని మాత్రం ఇంట్లో అనకండి.